హాస్టలు ఫానూ - రామగుండం పొగగొట్టమూ

"క్లాసుకు పోయేటప్పుడు ఫాను బంద్ చెయ్యరా" అని నేనంటే నా రూంమేటుది ఎప్పుడూ ఒకే జవాబు: "నేనీ స్విచ్చి నొక్కితే రామగుండంల పొగ ఆగుతదా?"

వాడు వేళాకోళానికే అన్నా అది మంచి ప్రశ్న. లెక్క వేస్తే గాని తేలదు.

పాతరకం సీలింగు ఫాను 75 వాట్లు తీసుకుంటుంది. మనం క్లాసుల్లో ఉన్న ఆరు గంటలూ ఖాళీ గదిలో తిరిగితే దాదాపు అర యూనిట్. మన దేశపు థర్మల్ కేంద్రాల్లో ఒక యూనిట్ విద్యుచ్ఛక్తికి సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే మంచం మీది దుప్పటికి గాలి విసరడానికి రోజూ 300 గ్రాముల బొగ్గు కాలుస్తున్నామన్నమాట! వంద గదులకు 30 కిలోలు. తీగల్లో పోయే నష్టం ఇందులో కలపలేదు.

ఆ 300 గ్రాముల్లో మూడో వంతు బూడిదే. గొట్టంలోకి పోకముందే అందులో చాలా భాగాన్ని విద్యుత్ పలకలతో పట్టేస్తారు. కాని బొగ్గులో అర శాతం దాకా ఉండే గంధకం కాలి వాయువైపోతుంది గనుక ఆ పలకలకు చిక్కదు. మా గది వంతు రోజుకు మూడు గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్. అది గాలిలో సన్నని సల్ఫేట్ కణాలుగా మారి, వందల కిలోమీటర్లు పోయి, ఎవరి ఊపిరితిత్తుల అడుగునో చేరుతుంది. వాళ్లు మన ఫాను గాలి ఎన్నడూ పోసుకున్నవారు కారు.

మరి స్విచ్చి నొక్కితే అక్కడ తెలుస్తుందా? ఒక్క ఫాను తెలియదు. కాని విద్యుత్తు ఏ క్షణానికి ఎంత వాడకమో ఆ క్షణానికి అంతే ఉత్పత్తి కావాలి. ఊళ్లో వాడకం తగ్గితే లోడ్ డిస్పాచ్ కేంద్రం వాళ్లు ఉత్పత్తి తగ్గించమంటారు, కొలిమిలో బొగ్గు తగ్గుతుంది. పగలు సోలారు కొంత ఆదుకుంటుంది. పొద్దు గూకాక భారం ఎక్కువగా బొగ్గు మీదే. కనుక సాయంత్రం మెస్సుకు పోయేటప్పుడు ఆపిన ఫాను ఇంకా విలువైనది.

ఇంతవరకు నేనే గెలిచాను. ఇక్కణ్ణుంచి వాడి పక్షమూ కొంత ఉంది. మనం ఎన్ని ఫాన్లు ఆపినా, తయారయ్యే ప్రతి యూనిట్‌కూ ఎంత గంధకం బయటికి రావాలన్నది మన చేతిలో లేదు. పొగను సున్నపురాయి నీళ్లతో కడిగే యంత్రాలున్నాయి. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ వాయువుకు హద్దులు విధించి, రెండేళ్ల గడువిచ్చింది. ఆ గడువు పొడిగిస్తూ పోయి, చివరికి 2025 జూలైలో పెద్ద నగరాలకు దూరంగా ఉన్న అత్యధిక కేంద్రాలకు ఆ బాధ్యతే తప్పించారు. మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాలకు ఖర్చెక్కువ అన్నారు. తక్కువన్నది నిజమే. కాని రామగుండం లాంటి 2,600 మెగావాట్ల కేంద్రం పూర్తిగా నడిస్తే రోజుకు 40 వేల టన్నుల పైచిలుకు బొగ్గు కాలుతుంది. అందులో అర శాతమంటే 200 టన్నులు! ఇది నాకు తక్కువగా తోచదు.

ప్రభుత్వం తలచుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. 2014లో ఎల్.ఇ.డి. బల్బును టోకున కొన్నా 310 రూపాయలు పడింది. ప్రభుత్వమే కోట్ల సంఖ్యలో కొనడంతో 2016 నాటికి 40 లోపుకు దిగింది. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చారు. ఇందులో ఎవరికీ పొదుపు మీద ఉపన్యాసం ఇవ్వలేదు.

మా రూంమేటు చెడ్డవాడు కాడు. గదికి మీటరు లేదు, కరెంటు ఖర్చు అందరికీ సమానంగా పంచుతారు. ఆపినవాడికీ ఆపనివాడికీ ఒకటే బిల్లు. అందుకే ఇద్దరం కలిసి ఒక అర్జీ రాశాం: బ్లాకుకో మీటరు పెట్టించి నెలనెలా అంకె నోటీసు బోర్డు మీద రాయాలనీ, పాడైన ఫాన్ల స్థానంలో 30 వాట్ల కొత్తరకం వేయించాలనీ. అర్జీ ఇంకా ఆఫీసులోనే ఉంది.