కంటిలోని కృత్రిమకటకము మసకబారుట

“శుక్లము తీయించి మూడేండ్లయినను కాలేదు, మరల వచ్చినది” అని పెద్దలు చెప్పుకొనుట మనమందఱమును వినియుందుము. ఈ మాట సరియైనది కాదు. కంటిలో పుట్టుకతో నున్న స్వచ్ఛమైన కటకము తెల్లబడుటయే శుక్లము. శస్త్రచికిత్సలో ఆ కటకమునే తీసివేయుదురు. లేని వస్తువు తిరిగి తెల్లబడనేరదు. అయినను చూపు మందగించుట మాత్రము నిజమే. మరి మసకబారినది ఏది? ఇందుకు రెండు సమాధానములు గలవు. ఆ రెంటిని ఒకటిగా భావించినచో రోగికి నష్టము కలుగవచ్చును గనుక వానిని వేఱువేఱుగా తెలిసికొందము.

సహజకటకము ద్రాక్షపండు తోలులోని గుజ్జువలె ఒక పలుచని సంచిలో నుండును. వైద్యుడు ఆ సంచి ముందుభాగమును గుండ్రముగా కత్తిరించి, లోపలి పదార్థమును తీసి, ఖాళీ సంచిలో కృత్రిమకటకమును అమర్చును. వెనుకగోడ అట్లే యుండును. సంచి అంచులలో మిగిలిన సూక్ష్మకణములు నెలలకో సంవత్సరములకో ప్రాకి, వెనుకగోడపై పెరిగి, దానిని మసకపఱచును. ఇదియే తఱచుగా జరుగునది. ఇందు కటకము నిర్మలముగనే యుండును. దాని వెనుకనున్న తెర మాత్రమే మాసినది. యాగ్ అను లేసరు కిరణముతో ఆ గోడ నడుమ రంధ్రము చేయుదురు. కత్తి లేదు, కుట్టు లేదు. కొలది నిమిషముల పని.

రెండవది అరుదు. ఇందు కృత్రిమకటకమే మసకబారును. ఇది యెట్లు సంభవించునో తెలియుటకు కటకమును చేయు పదార్థమును గూర్చి కొంత చెప్పవలెను.

లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో హెరాల్డు రిడ్లీ అను నేత్రవైద్యుడు 1949 నవంబరు 29వ తేదీన మొదటిసారి మనుష్యుని కంటిలో కృత్రిమకటకము నుంచెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల పైకప్పులు పగిలి, పెర్స్పెక్సు తునుకలు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొనినను, అవి అంతగా వాపు కలిగింపకుండుట ఆయన గమనించి, ఆ పదార్థమునే యెన్నుకొనెను. శుక్లము తీయుట చూచుచున్న యొక వైద్యవిద్యార్థి, తీసినదాని స్థానమున మఱియొకటి పెట్టకపోవుట యేమని యడిగెనని చెప్పుదురు. (తరగతిలో ప్రశ్న అడుగుటకు జంకు మన విద్యార్థులు దీనిని గమనింతురుగాక.)

పెర్స్పెక్సు గట్టిది, మడవరాదు. దాని కొఱకు కంటికి పెద్ద గాటు పెట్టవలసి యుండెను. తరువాత మడత పెట్టదగిన మెత్తని కటకములు వచ్చి, గాటు మూడు మిల్లీమీటర్లకు లోబడినది. వీనిలో కొన్ని నీటిని పీల్చుకొను ఆక్రిలిక్ పదార్థముతో చేయబడినవి. ఉప్పునీరు కాచిన పాత్ర యడుగున తెల్లని పెచ్చు కట్టుట మన వంటయింటిలోనే చూతుము. అట్లే కంటి ద్రవములోని కాల్షియము, ఫాస్ఫేటు కలిసి ఇట్టి కటకములపైనను, ఒక్కొక్కప్పుడు లోపలను పేరుకొనవచ్చును. 1990ల చివర వాడిన యొక రకపు కటకములకు ఇట్లు జరుగగా, వానిని ఉంచిన పెట్టె బిగింపులోని సిలికోను కటకమునకు అంటుట ముఖ్యకారణమని పరిశోధకులు కనుగొనిరి, పెట్టెను మార్చిరి. కార్నియా పొరను మార్చు చికిత్సలో కంటిలోనికి గాలిగాని వాయువుగాని ఎక్కించిన వారియందును ఈ మార్పు కనబడినది.

ఈ పెచ్చు తుడిచిన పోదు, లేసరునకు లొంగదు. చూపు మిక్కిలి చెడినచో కటకమును తీసి వేఱొకటి పెట్టుటయే మార్గము. ఇక్కడనే మా మాటకు ముఖ్యమైన పట్టు గలదు. కటకము మసకను వెనుకగోడ మసకయని పొరబడి లేసరు వేసినచో, చూపు బాగుపడదు సరికదా, చెక్కుచెదరక యుండవలసిన సంచికి రంధ్రము పడును. అటుపిమ్మట కటకమును మార్చునప్పుడు కంటి వెనుకనున్న జిగటద్రవ్యము ముందునకు వచ్చు ప్రమాదము గలదు. క్రొత్తదానిని నిలుపుటకు ఆధారమును తగ్గును. కావున కనుపాపను మందుతో విప్పార్చి, స్లిట్ ల్యాంపు క్రింద మసక యే పొరలో నున్నదో చూచిన పిమ్మటనే లేసరు వేయవలెను. నేత్రపటలమునకు సంబంధించిన వ్యాధులును, కంటి పీడనమును చూపును తగ్గింపగలవు గనుక వానినిగూడ పరీక్షించుట యుక్తము.

శస్త్రచికిత్స జరిగిన దినమున కటకము పేరు, శక్తి, వరుససంఖ్య గల చీటి నిత్తురు. పెక్కు ఇండ్లలో దానిని మందుల చీటీలతోపాటు పాఱవేయుదురు. విద్యార్థులారా, మీ తాతగారి పెట్టెలోగాని, అమ్మమ్మగారి సంచిలోగాని ఆ చీటి యున్నదేమో ఈ సెలవులలో వెదకుడు. కటకము ఏ పదార్థముతో చేసినదో రేపటి వైద్యునికి తెలుపునది అదియే. దొరకనిచో శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రి దస్త్రములనుండి వివరములను వ్రాయించుకొని రావచ్చును.