బిడ్డ పుట్టాక కొత్త కెరీర్: అమెరికాలో ఏ దారి పట్టాలి?

పెళ్లి, వీసా, విమానం, ఆ మరుసటి ఏడాదే ఒళ్లో పసిబిడ్డ. ఫ్రిస్కో, ఎడిసన్, యాష్‌బర్న్ లాంటి ఊళ్లలో పాతికేళ్లకే తల్లులైన మన అమ్మాయిలు ఎందరో కనిపిస్తారు. బిడ్డ కాస్త నడక నేర్చేసరికి వాళ్ల నోట ఒకే ప్రశ్న: "ఏ కోర్సు చేస్తే తొందరగా ఉద్యోగం వస్తుంది?" బీఫార్మసీ చదివినా, బీడీఎస్ చదివినా, ఎంకాం చదివినా చుట్టుపక్కలవాళ్ల జవాబు మారదు: "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చేసుకో, మూడు నెలల్లో ప్రాజెక్టు దొరుకుతుంది."

నా దృష్టిలో ఆ ప్రశ్నే మార్చుకోవాలి. మధ్యలో ఆగిపోయినా మళ్లీ అందుకోగలిగే పని ఏది అని అడగాలి. ఎందుకంటే ఆగడం తప్పదు. వర్క్ పర్మిట్ గడువు తీరుతుంది. రెండో కాన్పు వస్తుంది. భర్త ప్రాజెక్టు టెక్సాస్ నుంచి నార్త్ కరోలినాకు మారుతుంది. బిడ్డను చూసుకుంటున్న అమ్మ ఆరు నెలలు నిండగానే తిరుగు విమానం ఎక్కుతుంది. ఎనిమిది నెలలు పక్కకు జరిగితే చెల్లని నైపుణ్యం ఒకటి, రెండేళ్ల తర్వాత వచ్చినా మీ పేరు మీదే ఉండే లైసెన్సు ఒకటి. చిన్న పిల్లల తల్లికి ఈ రెండింటి మధ్య తేడా జీతం అంకె కన్నా పెద్దది.

అన్నిటికన్నా ముందు వీసా కాగితం తీసి చూడండి. హెచ్1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకిచ్చే హెచ్4 మీద ఉన్నవారందరికీ ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, హెచ్1బీ మీద ఉన్న భర్తకు గానీ భార్యకు గానీ గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉండాలి, లేదా వారి హెచ్1బీ ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉండాలి. అప్పుడే జీవిత భాగస్వామికి ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ కార్డు. ఈ కార్డులు పొందినవారిలో అత్యధికులు భారతీయులే, వారిలోనూ ఆడవాళ్లే. ఈ నిబంధన మీద ఏళ్ల తరబడి కోర్టు కేసు నడిచింది. 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు దాన్ని సమర్థించింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. కార్డు నిలిచింది, కానీ మరో వైపు నుంచి దెబ్బ తగిలింది. 2025 అక్టోబరు 30 నుంచి వేసే రెన్యువల్ దరఖాస్తులకు పాత కార్డును ఆటోమేటిక్‌గా పొడిగించే సౌకర్యం తీసేశారు. కొత్త కార్డు చేతికి రాకముందే పాతది ముగిస్తే ఆ రోజు నుంచి పని ఆపాల్సిందే. గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు వేయవచ్చు కాబట్టి ఆ తేదీని ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.

ఎల్1 ఉద్యోగుల జీవిత భాగస్వాములకిచ్చే ఎల్2 మీద ఉన్నవారి పరిస్థితి నయం. 2021 నవంబరు నుంచి విడిగా ఈఏడీ లేకుండానే పనిచేయవచ్చు. విద్యార్థుల జీవిత భాగస్వాములైన ఎఫ్2 వారికి పనిచేసే వీలు అసలు లేదు, చదువు కూడా పార్ట్ టైమే. హెచ్4 వారు మాత్రం వీసా మార్చుకోకుండానే ఫుల్ టైమ్ చదువుకోవచ్చు. ఈ సంగతి తెలియక "ఐ-140 వచ్చేదాకా ఏం చేస్తాంలే" అని మూడు నాలుగేళ్లు ఊరికే గడిపేసినవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టరుకు ఒకటో రెండో సబ్జెక్టులు చదవడానికి ఈఏడీ అక్కర్లేదు. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో హెచ్4 కుటుంబాలు అక్కడ స్థిర నివాసం చూపిస్తే స్థానికుల ఫీజే కట్టవచ్చు. ఫెడరల్ విద్యా సహాయం మాత్రం గ్రీన్‌కార్డు వచ్చేదాకా అందదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈఏడీ లేకుండా ఇంట్లో పచ్చళ్లు చేసి అమ్మడం, డబ్బు తీసుకుని పిల్లల్ని చూడటం అనుమతి లేని పనే. హైదరాబాద్ కంపెనీకి ఇక్కడ కూర్చుని పనిచేయాలన్నా ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా మొదలుపెట్టకండి.

వీసా సంగతి తేలాక చేతిలో ఉన్న డిగ్రీ దగ్గరికి రండి. మనవాళ్లు ఇక్కడే తొందరపడి పాత చదువును అటకెక్కిస్తారు. బీఫార్మసీనే తీసుకుందాం, మన రెండు రాష్ట్రాల్లో ఆ డిగ్రీ ఉన్న అమ్మాయిలు లెక్కకు మిక్కిలి. అమెరికాలో ఫార్మసిస్టు కావాలంటే విదేశీ పట్టభద్రులు ఎఫ్‌పీజీఈసీ ధ్రువీకరణ తెచ్చుకోవాలి. 2003 తర్వాత పట్టా పొందినవారికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలన్నది అక్కడి షరతు. అంటే నాలుగేళ్ల బీఫార్మసీతో ఆ తలుపు తెరుచుకోదు, ఆరేళ్ల ఫార్మ్ డీతో తెరుచుకుంటుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే ఎంత సమయం, ఎంత డబ్బు మిగులుతాయో. అలాగని బీఫార్మసీ వృథా కాదు. పీటీసీబీ పరీక్ష రాసి ఫార్మసీ టెక్నీషియన్‌గా చేరవచ్చు. జీతం తక్కువే కానీ ఆసుపత్రి ఫార్మసీల్లో సాయంత్రం, వారాంతపు షిఫ్టులు దొరుకుతాయి. భర్త ఇంట్లో ఉండే వేళల్లో పని కుదురుతుంది. న్యూజెర్సీ వైపు ఉంటే మందుల కంపెనీలు దగ్గర, కాబట్టి డ్రగ్ సేఫ్టీ, రెగ్యులేటరీ విభాగాల వైపు ప్రయత్నించడం మేలు. ఫార్మకాలజీ తెలిసిన మనిషి కావాలనే చోట టెస్టింగ్ సర్టిఫికెట్ కన్నా మీ పాత డిగ్రీకే విలువ.

బీడీఎస్ చేసినవారికి అసలు దారి రెండు మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు. సీటు కష్టం, ఫీజు భారీ. చంటిబిడ్డతో ఆ అప్పు నెత్తిన వేసుకునే ముందు దంపతులిద్దరూ కూర్చుని లెక్క వేసుకోవాలి. విదేశాల్లో దంతవైద్యం చదివినవారిని పరీక్షల ద్వారా డెంటల్ హైజీనిస్టుగా పనిచేయనిచ్చే ఫ్లోరిడా లాంటి రాష్ట్రమూ ఉంది. మీ ఊరి సంగతి మీ రాష్ట్ర డెంటల్ బోర్డును అడిగి తెలుసుకోండి, వాట్సాప్ గ్రూపును కాదు.

బీకాం, ఎంకాం వాళ్లకు చాలామంది చెప్పని దారి ఎన్‌రోల్డ్ ఏజెంట్. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ముందు పన్ను చెల్లింపుదారుల తరఫున నిలబడే అర్హత అది. దీనికి డిగ్రీ షరతు లేదు. మూడు భాగాల పరీక్ష, ఒక్కో భాగం విడివిడిగా రాసుకోవచ్చు. ఏటా మే నుంచి ఫిబ్రవరి చివరి దాకా పరీక్షలు జరుగుతాయి. బిడ్డ నిద్రపోయాక రాత్రి రెండు గంటలు చదివి ఒక భాగం, మళ్లీ తీరిక చిక్కినప్పుడు ఇంకో భాగం. ఆగి ఆగి చదివేవాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది ఆ పరీక్ష. పని కూడా జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా ఎక్కువ, మిగతా ఏడాది తక్కువ. ఈఏడీ రానివారు ఐఆర్ఎస్ నడిపే వీటా కార్యక్రమంలో చేరి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల రిటర్నులు ఉచితంగా వేసిపెట్టే స్వచ్ఛంద సేవ చేయవచ్చు. శిక్షణ వాళ్లే ఇస్తారు. రెజ్యూమెలో రాసుకోదగ్గ అసలైన అనుభవం అది.

ఇక కొత్తగా మొదలుపెట్టేవారిలో నర్సింగ్ మీద ఆసక్తి పెరుగుతోంది. ఏదైనా డిగ్రీ ఉన్నవారికి ఏడాది నుంచి ఏడాదిన్నరలో ముగిసే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ కోర్సులున్నాయి. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతోనూ నర్సింగ్ లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయవచ్చు. కార్మిక గణాంకాల శాఖ లెక్కల్లో 2024 మేలో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. మెడికల్ రికార్డులు, కోడింగ్ పని చేసేవారికి అదే లెక్కల్లో 50,250. చాలా ఆసుపత్రుల్లో నర్సులకు వారానికి మూడు రోజులు, రోజుకు పన్నెండు గంటల షిఫ్టు ఉంటుంది. నాలుగు రోజులు బిడ్డతో గడపవచ్చని కొందరు సంతోషిస్తారు. ఆ మూడు రోజులు పొద్దున్న ఏడు నుంచి రాత్రి ఏడు దాకా బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందన్నదే అసలు ప్రశ్న. పైగా యాక్సిలరేటెడ్ కోర్సు ఊపిరి సలపనివ్వదు, క్లినికల్స్ ఆన్‌లైన్‌లో కుదరవు. రెండేళ్లలోపు బిడ్డ ఉంటే నెమ్మదిగా సాగే రెండేళ్ల కోర్సే నేను సూచిస్తాను. లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగే రాష్ట్రాలున్నాయి, ఈఏడీ లేని హెచ్4 వారికి ఆ నంబరు రాదు, అందుకే చేరే ముందే రాష్ట్ర నర్సింగ్ బోర్డును అడగండి. ఊళ్లు మారే కుటుంబమైతే ఇంకొకటి గుర్తుంచుకోవాలి: టెక్సాస్‌తో సహా ఎన్నో రాష్ట్రాలు ఒకే నర్సింగ్ లైసెన్సును పరస్పరం గుర్తించే ఒప్పందంలో ఉన్నాయి. కాలిఫోర్నియా లేదు.

మెడికల్ కోడింగ్‌ను ఇంటి నుంచి చేసుకునే తేలిక ఉద్యోగమని ప్రచారం చేస్తుంటారు. పరీక్ష పాసైన కొత్తవారికి సీపీసీ సర్టిఫికెట్ పేరు పక్కన అప్రెంటిస్ గుర్తు ఉంటుంది. అది తొలగేదాకా ఇంటి నుంచి పని దొరకడం కష్టం. మొదటి ఉద్యోగం ఆఫీసుకు వెళ్లి చేయడానికి సిద్ధమైతేనే ఆ దారి పట్టండి.

ఏ దారి ఎంచుకున్నా మెట్టు మెట్టుగానే ఎక్కాలి. అలా ఎక్కడం ఎలా ఉంటుందో చూడాలంటే దూదిపాల జ్యోతిరెడ్డి అని కొందరు, అనిలా జ్యోతిరెడ్డి అని కొందరు పిలిచే మన వరంగల్ జిల్లా ఆడపడుచు జీవితం చూడాలి. 1970లో పేద ఇంట్లో పుట్టి అనాథాశ్రమంలో పెరిగింది. పదహారేళ్లకు పెళ్లి, పద్దెనిమిది నిండేసరికి ఇద్దరు కూతుళ్ల తల్లి. పొలంలో రోజుకు ఐదు రూపాయల కూలి. నెహ్రూ యువ కేంద్రం ద్వారా రాత్రి బడిలో చదువు చెప్పే పని దొరికింది. టైపింగ్ నేర్చింది, రాత్రిళ్లు బట్టలు కుట్టింది. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి 1994లో బీఏ, కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి 1997లో పీజీ. ఉపాధ్యాయురాలైంది. తర్వాత అమెరికా వెళ్లి చిన్నాచితకా పనులు చేసి, చివరికి అరిజోనాలోని ఫీనిక్స్‌లో కీ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్ అనే కంపెనీ పెట్టింది.

ఈ కథను అందరూ "కూలి నుంచి సీఈఓ" అని చెబుతారు. నన్ను ఆకట్టుకునేది మొదటి భాగం. పొలం పని నుంచి డిగ్రీ దాకా ఆమె ఏ మెట్టు కోసమూ అంతకు ముందున్న కూడు వదులుకోలేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయం కాబట్టే పని చేస్తూ, పిల్లల్ని సాకుతూ చదవగలిగింది. ప్రతి మెట్టు తర్వాతి మెట్టుకు కాస్త డబ్బు, కాస్త ధైర్యం ఇచ్చింది. అమెరికా వెళ్లేటప్పుడు కూతుళ్లను హాస్టల్లో వదలాల్సి వచ్చింది. ఆ తల్లి కడుపుకోత ఎంతో ఊహించగలం, ఆ భాగాన్ని ఆదర్శంగా తీసుకోమని ఎవరికీ చెప్పను. మెట్టు వెంట మెట్టు వేసిన ఆ ఓర్పును మాత్రం తీసుకోండి.

కన్సల్టెన్సీల సంగతి గట్టిగానే చెప్పాలి. మూడు నెలల శిక్షణ ఇచ్చి, ఏడేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమె అల్లి, మీ బదులు ఇంకొకరితో ఇంటర్వ్యూ చెప్పించేవాళ్లు మన సమాజంలో ఉన్నారు. ఒప్పుకోకండి. ఉద్యోగం పోవడంతో ఆ ప్రమాదం ఆగదు. రేపు మీ పేరున హెచ్1బీ, గ్రీన్‌కార్డు దరఖాస్తు పడినప్పుడు అదే అబద్ధం ఇమ్మిగ్రేషన్ ఫైలులోకి ఎక్కుతుంది. అక్కడ తప్పుడు సమాచారం శాశ్వత నిషేధం దాకా తీసుకెళ్లగలదు. బిడ్డ అమెరికా పౌరుడు, తల్లికి అడుగుపెట్టే వీలు లేదు అన్న స్థితిని ఏ జీతం పూడ్చగలదు? ఖాళీ ఏళ్లను దాచాల్సిన అవసరమే లేదు. "2022 నుంచి 2024 వరకు శిశు సంరక్షణ" అని ఒక్క వరుస రాసి, ఆ కాలంలో చదివిన కోర్సులు, చేసిన సేవ దాని కింద పెట్టండి. విరామం తర్వాత వచ్చేవారికి పెద్ద కంపెనీలు రిటర్న్‌షిప్ పేరుతో తాత్కాలిక అవకాశాలిస్తాయి. అవి చాలావరకు ముందు కొన్నేళ్లు ఉద్యోగం చేసినవారి కోసం. అంత అనుభవం లేని చిన్నవాళ్లు ప్రారంభ స్థాయి ఉద్యోగాలకే నేరుగా దరఖాస్తు చేయడం మంచిది. ఈఏడీ ఉంటే అప్‌వర్డ్లీ గ్లోబల్ అనే స్వచ్ఛంద సంస్థను సంప్రదించండి, విదేశీ డిగ్రీలున్న వలసదారులకు రెజ్యూమె నుంచి ఇంటర్వ్యూ దాకా ఉచితంగా సాయం చేస్తుంది.

డేకేర్ లెక్క వేయకుండా ఏ దారీ తేలదు. మంచి డేకేర్లలో పసిపిల్లల సీట్లకు నెలల తరబడి వెయిటింగ్ లిస్టు. ఇద్దరూ పనిచేస్తుంటే కంపెనీ ఇచ్చే డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ ఖాతాలో 2026 నుంచి ఏడాదికి 7,500 డాలర్ల దాకా పన్ను లేకుండా పక్కన పెట్టవచ్చు. ఒకరు ఫుల్ టైమ్ విద్యార్థి అయినా ఆ సౌకర్యం వర్తిస్తుంది. తల్లి జీతం మొత్తం డేకేర్‌కే పోతోందని చాలా ఇళ్లలో వాపోతారు. ఆ ఖర్చు తల్లి జీతంలోంచే ఎందుకు తీయాలి? అది ఇద్దరి బిడ్డ ఖర్చు, ఇద్దరి జీతాల్లోంచి తీసి చూడండి. పైగా ఆ రెండు మూడేళ్ల అనుభవమే తర్వాతి జీతాన్ని నిర్ణయిస్తుంది.

ఉద్యోగంలో చేరాక పాలిచ్చే తల్లికి బిడ్డ పుట్టిన ఏడాది దాకా పాలు పిండుకోవడానికి విరామం, బాత్రూమ్ కాని మరుగైన చోటు ఇవ్వాలని 2022 డిసెంబరు నాటి పంప్ చట్టం చెబుతోంది. అడగడానికి మొహమాటపడకండి.

నాన్నలకూ ఒక మాట. 1993 నాటి ఎఫ్ఎంఎల్ఏ చట్టం ఇచ్చే పన్నెండు వారాల జీతం లేని సెలవు తల్లికే కాదు, మీకూ ఉంది. యాభై మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలో ఏడాది పాటు, కనీసం 1,250 గంటలు పనిచేసి ఉంటే చాలు. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు తీసుకోవాలి, కంపెనీ ఒప్పుకుంటే విడతలుగానూ తీసుకోవచ్చు. అమ్మావాళ్లు, అత్తయ్యావాళ్లు సాధారణంగా ఆరు నెలల చొప్పున విజిటర్ వీసా మీద వచ్చి వెళ్తుంటారు. ఒకరి తర్వాత ఒకరు వస్తారనుకున్నా వీసా స్లాటు, ఆరోగ్యం, టికెట్ల ధర ఏదో ఒకటి అడ్డుపడుతుంది. అందుకని వాళ్ల రాకను కాన్పుకే ఖర్చు చేసెయ్యకుండా, మీ భార్య మొదటి సెమిస్టరుకో, పరీక్షకో, కొత్త ఉద్యోగంలో మొదటి మూడు నెలలకో కలిసొచ్చేలా టికెట్లు చేయించండి. వాళ్లు తిరిగి వెళ్లే వారం నుంచి మీ విడత సెలవు మొదలవ్వాలి. ఆ రెండు తేదీలు ఖాయమయ్యాకే కాలేజీకి ఫీజు కట్టండి.