పాఠం 7 : గాయకుడు ఘంటసాల

ఈ పాఠం చదివాక మీరు :
- ఘంటసాల జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
- చదువుకు వచ్చిన అడ్డంకులను ఆయన ఎలా దాటారో వివరించగలుగుతారు.

ప్రవేశిక

పుదుచ్చేరి పట్టణంలో మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పాత తెలుగు పాట వినిపిస్తే, ఆ గొంతు ఘంటసాలదే కావచ్చు. ఈ ఊరికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని మద్రాసులో, అంటే నేటి చెన్నైలో, ఆయన పేరు తెచ్చుకున్నారు. అక్కడికి చేరడానికి ముందు ఆయన పడిన కష్టం తెలుసుకుందాం.

పాఠం

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడేవారు. ఘంటసాల చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక.

ఆ కోరిక తీర్చడానికి ఘంటసాల తన ఉంగరం అమ్మి విజయనగరం వెళ్లారు. అక్కడి సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకు గురువు. చదువు దొరికింది. మరి తిండి? జోలె పట్టుకొని ఇంటింటికీ వెళ్లి మధుకరం చేశారు. పేద విద్యార్థికి అన్నం పెట్టడం గృహస్థు ధర్మమని ఆనాటివారు భావించేవారు. అయినా పరాయి గుమ్మం ముందు నిలబడడం ఏ కుర్రవాడికీ సులభం కాదు. ఆ బిడియానికి లొంగి ఇంటికి తిరిగి వెళ్లిపోతే ఆయన చదువు అక్కడే ఆగిపోయేది. ఆయన వెళ్లలేదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. ఆ తరువాత రచయిత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. అక్కడా పేరు వెంటనే రాలేదు. రేడియోలో పాడారు. సినిమాలలో బృందగానాలకు గొంతు కలిపారు, చిన్న వేషాలు వేశారు. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో పాడే అవకాశం దొరికింది. 1949లో 'మనదేశం' చిత్రానికి సంగీతం కూర్చారు. 1951లో 'పాతాళభైరవి' పాటలతో ఆయన పేరు ఇంటింటా తెలిసింది. ఒకప్పుడు జోలెతో ఇంటింటికీ తిరిగిన మనిషి పాట ఇంటింటికీ చేరింది.

1970లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

మాటలు - అర్థాలు

మధుకరం : ఇంటింటా కొంచెం కొంచెంగా అడిగి తెచ్చుకొనే అన్నం
బిడియం : సిగ్గు, జంకు
జోలె : భిక్ష వేయించుకొనే గుడ్డ సంచి

ప్రశ్నలు

1. ఘంటసాల విజయనగరం ఎందుకు వెళ్లారు?
2. మద్రాసులో మొదట ఆయన ఏయే పనులు చేశారు?
3. నలుగురూ ఏమనుకుంటారో అన్న బిడియం మీ చదువుకు ఎప్పుడైనా అడ్డు వచ్చిందా? అయిదు వాక్యాలలో రాయండి.