ప్రశ్నలు - జవాబులు: నడుస్తున్న యంత్రానికి కొత్త మెమరీ

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. కాన్ఫిడెన్షియల్ వర్చువల్ మెషీన్‌లో మెమరీ అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుందంటారు. మరి నడుస్తుండగా కొత్త మెమరీ చేర్చినప్పుడు, అంటే హాట్‌ప్లగ్ చేసినప్పుడు, కెర్నల్ ప్రత్యేకంగా చేయాల్సిన పనేముంది?
- ఒక విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: చాలా ఉందమ్మా. ఎన్‌క్రిప్షన్ పేజీలోని రాతను దాస్తుంది. ఒక అడ్రస్‌కు ఏ పేజీ బదులిస్తోందో చెప్పదు. ఏఎండీ 2016లో ప్రకటించిన ఎస్‌ఈవీ అనే మెమరీ ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఉన్న లోటు ఇదే. వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్‌కు లోపలి సమాచారం చదవడం రాకపోయినా, పాత పేజీని తెచ్చి కొత్తదాని చోట పెట్టగలిగేది. 2021లో మూడో తరం ఎపిక్ ప్రాసెసర్లతో వచ్చిన ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీ ఈ లోటు తీర్చడానికి ఒక పట్టిక పెట్టింది. ఏ పేజీ ఏ గెస్ట్‌ది (అంటే ఏ వర్చువల్ మెషీన్‌ది), ఏ అడ్రస్‌ది అన్నది అందులో ఉంటుంది. హైపర్‌వైజర్ పేజీ కేటాయించినంత మాత్రాన అది చెల్లదు. గెస్ట్ కెర్నల్ పీవ్యాలిడేట్ అనే ఆదేశంతో తానుగా ఒప్పుకోవాలి. పట్టా పుస్తకంలో పేరెక్కినా, హద్దురాళ్లు చూసుకుని స్వాధీనం చేసుకుంటేనే పొలం మనదైనట్టు. ఇలాంటిదే అయిన ఇంటెల్ టీడీఎక్స్‌లోనూ గెస్ట్ ఒప్పుకోనిదే కొత్త పేజీ వాడకానికి రాదు.

అసలు ప్రమాదం మెమరీని తీసేసేటప్పుడు ఉంది. గెస్ట్ ఒక అడ్రస్ దగ్గర మొదటి పేజీని ఒప్పుకుంది అనుకోండి. తర్వాత ఆ మెమరీని వెనక్కి ఇచ్చేటప్పుడు ఒప్పుకోలు రద్దు చేయలేదు. కొన్నాళ్లకు అదే అడ్రస్‌లో మళ్లీ మెమరీ వస్తే, కెర్నల్ రెండో పేజీనీ ఒప్పుకుంటుంది. ఇప్పుడు ఒకే అడ్రస్‌కు చెల్లే పేజీలు రెండు. హైపర్‌వైజర్ వాటిని తనకు తోచినట్టు మార్చి మార్చి చూపించగలదు. పట్టిక రెండింటినీ సరైనవే అంటుంది కనుక ప్రాసెసర్ అభ్యంతరం చెప్పదు. కాబట్టి నియమం ఇది: చేర్చగానే ఒప్పుకోవాలి, ఇచ్చేముందు రద్దు చేయాలి, ఏది ఏ స్థితిలో ఉందో కెర్నల్ తన సొంత లెక్కలో రాసుకోవాలి. హైపర్‌వైజర్ పంపే కబురు సమాచారమే తప్ప రుజువు కాదు.

ప్రశ్న: ఇంత చిక్కు ఎందుకండీ? బూట్ సమయంలోనే కావలసినంత మెమరీ ఇచ్చి, హాట్‌ప్లగ్‌ను నిషేధిస్తే సరిపోదా?
- ఐటీ ఉద్యోగి, సిద్దిపేట

జవాబు: చిన్న యంత్రానికి మీ మాట సబబే. కానీ క్లౌడ్‌లో మెమరీకి గంటల లెక్కన అద్దె కడతాం. నెలలో ఒక్కరోజు అవసరమయ్యే గరిష్ఠ పరిమాణానికి నెలంతా కట్టమనడం న్యాయం కాదు. పైగా వందల గిగాబైట్లను బూట్‌లోనే ఒప్పుకోవాలంటే ఆలస్యమవుతుంది. అందుకే 2023లో వచ్చిన లినక్స్ 6.5 అవసరమైనప్పుడే ఒప్పుకునే పద్ధతి తెచ్చింది. ఇంకా ఒప్పుకోని మెమరీ లెక్కను ఒక బిట్‌మ్యాప్‌లో ఉంచుతుంది. ఆ బిట్‌మ్యాప్ బూట్ నాటి మెమరీని బట్టి తయారవుతుంది. తర్వాత చేరినదానికి అందులో చోటు ఉండకపోవచ్చు కనుక, చేర్చినప్పుడే ఒప్పుకోవడం క్షేమం. వేగం తగ్గుతుందన్న భయమూ అక్కర్లేదు. ఉదాహరణకు, చేర్చిన 128 మెగాబైట్ల భాగాన్ని 4 కిలోబైట్ల పేజీలుగా తీసుకుంటే 32,768 సార్లు ఒప్పుకోవాలి. 2 మెగాబైట్ల పేజీలైతే 64 సార్లు చాలు.

మెమరీ తీసేటప్పుడు కొన్ని పేజీలను కదపడం సాధ్యం కాకపోవచ్చు. అప్పుడు కెర్నల్ ఇవ్వనని చెప్పడమే సరైన పని. సగం రద్దు చేసి సగం వదిలేయకూడదు. ఈ జాగ్రత్తలు మన ప్రాంతానికీ అవసరమే. 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ మొదలైంది, 2023లో సిద్దిపేటకు ఐటీ టవర్ వచ్చింది. ఆసుపత్రి రికార్డులనూ బ్యాంకు లెక్కలనూ పరాయి యంత్రాల్లో నడిపే పని మన యువత చేతికి వస్తోంది. మెమరీ హాట్‌ప్లగ్ కోడ్ పరిశీలించేవారు ముందుగా మెమరీ తీసేసే దారిని చదవాలి. చేర్చే దారిలో ఒప్పుకోలు మరిచిపోతే యంత్రం ఆగిపోయి తప్పు వెంటనే బయటపడుతుంది. తీసేసే దారిలో రద్దు మరిచిపోతే అన్నీ సవ్యంగానే నడుస్తాయి, దాడి జరిగినా ఆనవాలు దొరకదు.