అమ్మణ్ణికి, బాణం ములికి గురించి

సూళ్లూరుపేట

అమ్మణ్ణీ,

నువ్వు ఫోన్లో పంపిన మూడు బ్రాడ్‌హెడ్ల (వేట ములుకుల) బొమ్మలూ చూశాను. తగిలాక రెక్కలు విచ్చుకునే మెకానికల్ రకాన్ని కొట్లోనే వదిలెయ్. ఆ రెక్కలు తెరుచుకోవడానికీ బాణంలోని బలమే ఖర్చవుతుంది. గట్టి కాంపౌండ్ విల్లు పట్టినవాళ్లు దాన్ని లెక్కచేయరు. నీది నలభై రెండు పౌన్ల రికర్వ్. అంత దుబారా నీకు చెల్లదు.

మూడు రెక్కలదాని మీద నీకు మనసైందని తెలుస్తూనే ఉంది. గాయం పెద్దదవుతుంది, నెత్తురు జాడ బాగా పడుతుంది, నిజమే. రెండేసి రెక్కలు కలిపి ఆకురాయికి ఆనించి రుద్దితే కోణం దానంతటదే కుదురుతుంది కూడా. కానీ పక్కటెముక అడ్డమొస్తే అది రెండు రెక్కలదానంత లోతుకు పోదు. నీ విల్లుకు లోతే ముఖ్యం. బాణం అవతలి వైపుకు దూసుకుపోతే రెండు వైపులా నెత్తురు కారుతుంది, జాడ తీయడం సులువు. కాబట్టి రెండు రెక్కలదే కొను. జ్వికీ కంపెనీవాళ్ల ములుకుల్లో ఎస్కిమో 1 1/8 అంగుళాల వెడల్పు, డెల్టా 1 3/8. పావు అంగుళమే కదా అనుకోకు, ఎస్కిమోనే తీసుకో. నువ్వు వేటాడబోయే కొలరాడోలో ములికి వెడల్పు కనీసం 7/8 అంగుళం, విల్లు కనీసం 35 పౌన్లు ఉండాలి. నీకు రెండూ సరిపోతాయి.

ఒకవైపే పదును పెట్టిన సింగిల్ బెవెల్ గురించి అడిగావు. ఎడ్ యాష్‌బీ అనే ఆయన 1980లలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో జంతువుల మీద బాణాలు పరీక్షించి, ఇది ఎముకలో తిరుగుతూ దాన్ని చీలుస్తుందని చెప్పాడు. గట్టి ఎముక దాటాలంటే బాణం 650 గ్రెయిన్లు ఉండాలన్నదీ ఆయన మాటే. ఆయన్ను వేదంలా వల్లించేవాళ్లు అమెరికాలో ఎక్కువ. నీ విల్లుతో అంత బరువు వేస్తే బాణం పదిహేను గజాలకే వాలిపోతుంది. దాదాపు 500 గ్రెయిన్లు, అంటే మన లెక్కలో 32 గ్రాములు, చాలు. సింగిల్ బెవెల్ కొనేమాటైతే కుడి ఈకల బాణానికి కుడి బెవెలే పెట్టాలి. లేదంటే ఈకలు ఒకవైపు తిప్పితే ములికి ఇంకోవైపు లాగుతుంది.

ఏ రకం కొన్నా కొత్త ములికిని పెట్టెలోంచి తీసి అలాగే వేయొద్దు. బాణం తూటాలా దెబ్బతో చంపదు, నెత్తురు పోగొట్టి చంపుతుంది. మొండి కత్తిపీట మీద చేప చర్మం జారిపోయినట్టే, మొండి అంచుకు రక్తనాళం తెగకుండా పక్కకు జరిగిపోతుంది. ఆకురాయితో కోణం తెచ్చి, సానరాయి మీద నూరి, తోలు మీద తిప్పు. ముంజేతి వెంట్రుకలు గొరిగేంత పదును రావాలి. రానిది అమ్ములపొదిలోకి పోకూడదు. వానలో తడిసినా తుప్పు అంచునే తింటుంది, రాత్రికి చూసుకో. పొది మూత లేకుండా కొండ ఎక్కొద్దు.

ములికి బిగించాక బాణాన్ని మొన మీద నిలబెట్టి తిప్పు. ఊగితే తీసి మళ్లీ బిగించు. తర్వాత అదే బరువున్న సాధన ములికి (ఫీల్డ్ పాయింట్)తో కలిపి వేసి చూడు. బ్రాడ్‌హెడ్ కుడికి పోతుంటే, నీది కుడిచేతి వాటం గనుక, కర్ర మెత్తనైందని అర్థం. ములికి బరువు తగ్గించు, లేదా గట్టి కర్ర కొను. ఈ పని ఆగస్టులోపే అయిపోవాలి.

మీ నానమ్మకు నీ వేట సంగతి చెప్పలేదు. శ్రీహరికోట అడవిలో దుప్పులున్నా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇక్కడ వాటి మీద విల్లెత్తితే జైలే. పులికాట్ కొంగ మీద చెయ్యి వేసినా కేసే. కొలరాడోలో లైసెన్సుతో, లెక్కతో జరిగే వేట ఆమెకు వివరించడం నా వల్ల కాదు. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు మాత్రం ముందు తెచ్చుకో. 1949లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు మామూలుగా అది లేనిదే లైసెన్సివ్వరు.

ఎల్క్ మాటంటావా, ఈ సెప్టెంబరుకు వద్దు. మగ ఎల్క్ మూడు వందల కిలోలు దాటుతుంది, దాని భుజపుటెముక నీ విల్లుకు గోడే. చట్టం ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. ముందు మ్యూల్ డీర్‌తో మొదలుపెట్టు, అదీ పదిహేను గజాల్లో, పక్కకు తిరిగి నిలబడితేనే.

నీ బాణం పొడవు, ఈకలు ఏ వైపువి, మొత్తం బరువు ఎంత, తూచి రాయి. ములికి ఎన్ని గ్రెయిన్లది కొనాలో అప్పుడు చెబుతాను. అంతదాకా డబ్బు పెట్టకు.

మీ పెదనాన్న