పాతనగరపు ఇండ్లు - అగ్ని రక్షణ

గుల్జార్ హౌజ్ మన విద్యార్థులకు కొత్త చోటు కాదు. చార్మినార్‌కు ఉత్తరమున, నాలుగు కమానుల నడుమనున్న ఆ నీటితొట్టి ప్రక్కగా మనలో ఎందరో నిత్యము నడచిపోవుచుందురు. 2025 మే 18వ తేదీ ఆదివారము ఉదయము ఆ నీటి సమీపముననే ఒక ఇంట నిప్పు లేచి 17 మంది మరణించినారు. వారిలో 8 మంది పిల్లలు.

ఆ ఇంటి తీరు మన గల్లీలలో ప్రతి పది ఇండ్లకు ఒకటిగా కనిపించునదే. క్రింద దుకాణములు, పైన కాపురము. లోపలికి పోవుటకు సొరంగము వంటి ఒకే దారి. దాని వెడల్పు 2 మీటర్లు. పైకి మెట్లు 1 మీటరు మాత్రమే. విద్యుత్ లోపము వలన క్రింద పుట్టిన మంట ఆ ఒక్క దారిని మూసివేసినది. అగ్నిమాపక శకటములు 11 వచ్చినవి. కాని లోనివారిలో అధికులను చంపినది మంట కాదు, పొగ.

ఇది ఎట్లు జరుగునో తెలిసికొనవలెను. వేడి పొగ పైకి పోవును. ఇరుకైన మెట్లదారి దానికి పొగగొట్టమగును. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తములోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు మేల్కొనకయే స్పృహ కోల్పోవును. ముఖమునకు తడిగుడ్డ కట్టుకొన్నచో మసి కొంత ఆగునుగాని ఈ వాయువు ఆగదు. నేలకు వంగి ప్రాకుచు బయటపడవలెను. దారి లేనిచో గది తలుపు మూసి, సందులలో తడిగుడ్డలు కుక్కి, వీధివైపు కిటికీ వద్ద నిలిచి కేకవేయవలెను. ఆ కిటికీకి దొంగల భయముచే బిగించిన ఇనుప చువ్వలు లోపలినుండి తెరచుకొనునవై ఉండుట మేలు. 101కి గాని 112కి గాని ఫోను చేయుట మరువరాదు.

2022 మార్చి 23న సికింద్రాబాదు బోయిగూడలో ఒక తుక్కు గోదాములోనూ ఇదే కథ. పైన నిద్రించిన బీహారు కూలీలలో 11 మంది చనిపోయినారు. దిగుటకు ఉన్నది ఒక్క మెలికల మెట్లే.

ఇక పరికరముల మాట. గోడకు ఎర్ర సిలిండరు తగిలించుటతో రక్షణ కలిగినదని చాలామంది అనుకొందురు. 6 కిలోల పొడి సిలిండరు పనిచేయునది సుమారు 15 సెకన్లు. పిన్ను లాగి, 2, 3 మీటర్ల దూరమున నిలిచి, మంట మొదటికి గురిపెట్టవలెను. శిఖలపై చల్లిన పొడి వ్యర్థము. గేజి ముల్లు ఆకుపచ్చ భాగమున ఉన్నదా అని నెలకొకసారి చూడవలెను. విద్యుత్ మంటపై నీరు పోయరాదు; మెయిన్ ఆపి, పొడి గాని కార్బన్ డయాక్సైడు గాని వాడవలెను. మూకుడులో నూనె అంటుకొన్నచో స్టవ్ ఆపి మూత పెట్టిన చాలును. అన్నిటికంటె ముందు, దీపములకు వేసిన సన్నని తీగకు ఏసీ తగిలించుట, మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని లావు తీగ చుట్టుట మానవలెను. ఫ్యూజు పోవుట లోపము కాదు, హెచ్చరిక.

సిలిండరు డబ్బుతో వచ్చును. రెండవ దారి అట్లు రాదు. ఇరుగుపొరుగుల సమ్మతి కావలెను. రెండు డాబాల నడుమ గోడకు చిన్న తలుపు పెట్టుకొనుటకు అన్నదమ్ములే ఒప్పుకొనని ఇండ్లు మాకు తెలుసు. అయినను అడుగక తప్పదు.

ఈ వ్యాసము వ్రాయబోవుచు మేము మన కళాశాల మెట్లను టేపుతో కొలిచితిమి. విద్యాలయములకు జాతీయ భవన నియమావళి కోరునది 1.5 మీటర్లు. ముందు మెట్లు సరిపోయినవి. వెనుక మెట్లపై విరిగిన బెంచీలు పేర్చి, క్రింది తలుపునకు తాళము వేసియున్నది. తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదని అడుగగా ముగ్గురు మూడు పేర్లు చెప్పినారు. పరీక్షలు మొదలగుటకు ముందే ఆ బెంచీలను తీయించి, లోపలినుండి తెరచుకొను గడియ పెట్టించవలసినదిగా కమిటీ పెద్దలను కోరుచున్నాము. బెంచీలు మోయుటకు మేము వత్తుము.