గడ్డిచామంతి పసరు - ఆపరేషన్ కుట్లు

ఉప్పల్, నాచారం ఖాళీ ప్లాట్లలో గడ్డిచామంతి కనబడుతూనే ఉంటుంది. దెబ్బ తగిలితే దాని పసరు పిండడం మనందరికీ అలవాటే. మరి ఆపరేషన్ కుట్లకు చీము పట్టించే బ్యాక్టీరియాపై అది పనిచేస్తుందా? మైక్రోబయాలజీ విద్యార్థులుగా మేము పరీక్షించే పద్ధతి చెబుతాం.

ఈ బ్యాక్టీరియాలో ముఖ్యమైనది స్టాఫిలోకాకస్ ఆరియస్. ద్రాక్షగుత్తిలా కనిపించడంతో స్కాట్లాండ్ సర్జన్ ఆగ్‌స్టన్ 1882లో స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాడు.

నీడన ఎండిన ఆకుపొడిని మిథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేస్తే సారం మిగులుతుంది. దాన్ని డి.ఎం.ఎస్.ఓ. ద్రావణిలో కరిగించి, బ్యాక్టీరియా పూసిన అగార్ ప్లేటులోని గుంటల్లో పోసి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 18 నుంచి 24 గంటలు ఉంచుతాం. పనిచేస్తే గుంట చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం వస్తుంది. స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవాలి. ఒక గుంటలో ద్రావణి ఒక్కటే, మరో గుంటలో తెలిసిన యాంటీబయాటిక్ పోయాలి. లేకపోతే ఆపింది ఆకా, ద్రావణా అని ఎలా తెలుస్తుంది? సూడోమోనాస్ మాత్రం మొండిది, దానికి అదనంగా బయటి పొర ఉంటుంది.

ప్లేటు వేరు, పుండు వేరు. పచ్చి ఆకుకు అంటిన మట్టిలో ధనుర్వాతం బీజాలు ఉండవచ్చు. అందుకే తమ్ముళ్లూ, కుట్లపై పసరు పోయకండి. ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా వార్డెన్ గారికి చెప్పి, ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించుకోండి.